వానొస్తే మూగబోయే పెట్టె

మబ్బు పట్టిందంటే చాలు, చిన్నరాములు కాలుగాలిన పిల్లి అయిపోతాడు. ఊరంతా మొగులు వంక ఆశగా చూస్తుంటే ఆయనొక్కడు గిట్టని చుట్టం గడపలోకి వచ్చినట్టు మొహం పెడతాడు. ఇంట్లోకి పోతాడు, బయటికొస్తాడు, ఫోను తీస్తాడు, జేబులో పెడతాడు, మళ్లీ తీస్తాడు. గుమ్మడిదల పక్కన ఊరు వాళ్లది. తాతల నాటి నుంచి ఎవుసం. అలాంటి ఇంట్లో పుట్టి వానంటే గుండెలు బాదుకునేవాడు ఈయనొక్కడే అని ఊళ్లో వానరాములని పేరు పెట్టారు. పెళ్లాం రవళి ఇంకో మెట్టు ఎక్కువ. "పెండ్లిసూపులనాడు గూడ నా మొకం సూడలే, మొగులు దిక్కే సూసిండు" అని వచ్చినవాళ్లందరికీ చెప్తుంది.

ఆయన బాధ ఆయనది. పటాన్‌చెరు నుంచి గుమ్మడిదల దాకా ఫ్యాక్టరీల కప్పుల మీద, ముత్తంగి గోడౌన్ల నెత్తిన తెల్లటి డిష్‌లు ఉంటాయి చూడండి, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ. తీగ లేకుండానే అవి మాట్లాడుకుంటాయి. ఫ్యాక్టరీలో సరుకు లారీ ఎక్కితే ఆ సంగతి గోడౌనుకు చేరేది వాటి మీదుగానే. నేలలో వైరు వేస్తే రోడ్డు తవ్వేవాళ్లు బతకనివ్వరు కాబట్టి ఈ ఏర్పాటు. ఆ డిష్‌లన్నిటికీ కాపలాదారు చిన్నరాములు. పెద్దవాన పడిందా, అవన్నీ ఒక్కసారిగా గుడ్డివైపోతాయి. అప్పుడు మొదలవుతాయి ఫోన్లు. "లింక్ గయా భాయ్, జల్దీ ఆవో" అని ఒకడు, "ఎక్కడున్నవ్ రాములూ" అని ఇంకొకడు. పోయి చేసేదేమీ ఉండదు. వానను కాలర్ పట్టుకుని నిలదీసేదెవరు? అయినా పోవాలి. కప్పు మీద ఒక మనిషి తడుస్తూ నిలబడితే తప్ప కింద మేనేజరుకు పని జరుగుతున్నట్టు ఉండదు. వాన వెలిసేసరికి లింకు దానంతటదే వస్తుంది, ఈయన ఇంటికొస్తాడు. ఇన్నేళ్లలో వాన పడ్డప్పుడు ఇంట్లో ఉన్న పాపాన పోలేదు.

అట్లా తడిసి తడిసి ఆయన బుర్రలో ఒక్క సూత్రం రాయి మీద చెక్కినట్టు పడిపోయింది: వానొస్తే సిగ్నల్ పోతది. అది అబద్ధం కాదు. కానీ చేతిలో సుత్తి ఉన్నవాడికి అన్నీ మేకుల్లాగే కనిపిస్తాయి కదా, అక్కడ వచ్చింది చిక్కు.

చిక్కు వాగు దగ్గరుంది. వాళ్ల పొలాన్ని ఆనుకునే వాగు. ఎగువన మందుల ఫ్యాక్టరీలు. వానకాలం వచ్చిందంటే వాగునీళ్లు ఒక్కోరోజు ఒక్కో రంగు, ముక్కు మూసుకునే వాసన. వాన మాటున ఎవడో ట్యాంకులు ఖాళీ చేస్తున్నాడని ఊరివాళ్ల గోల. ఎవడో తెలియదు, పట్టుకున్నవాడు లేడు. రోడ్డు మీద బైఠాయిస్తే, కాలుష్య నియంత్రణ ఆఫీసువాళ్లు వాగొడ్డున ఒక పెట్టె పెట్టించారు. దాని తోక నీళ్లలో ఉంటుంది. నీళ్లలో పులుపెంత, ఉప్పెంత అని కొలిచి, కర్రకు కట్టిన చిన్న ఏంటెన్నా నుంచి పటాన్‌చెరులోని వాళ్ల ఆఫీసుకు ఎప్పటికప్పుడు పంపిస్తుంది. దాచుకునే తెలివి లేదు దానికి, పంపడమే తెలుసు. దాన్ని చూసుకునే పనీ మనవాడికే అప్పగించారు. సొంత ఊరు, సొంత వాగు, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాడు.

పెట్టింది ఎండాకాలంలో, తొలకరి రాకముందే పైనున్న సోలార్ పలకను ఎవరో ఎత్తుకుపోయారు. లోపలి బ్యాటరీ ఉబ్బి చచ్చింది. కొత్తవి కావాలని అడిగితే పంపుతామన్నారు, ఇప్పటికీ పంపుతూనే ఉన్నారు. ఇక లాభం లేదని చిన్నరాములు పక్కనే ఉన్న తమ బోరు మోటరు గుడిసెలోంచి ఒక తీగ లాగి పెట్టెకు కలిపాడు. పని నడిచిపోయింది. మన దగ్గర సగం దేశం అట్లాంటి తీగల మీదే నడుస్తోంది.

పెట్టె రోజూ మాట్లాడేది. వానొచ్చిన రోజు మాత్రం మూగబోయేది. ఆఫీసు నుంచి రాజశేఖర్ అనే కుర్ర ఇంజినీరు ఫోను చేసేవాడు. "రాములన్నా, వాగు పెట్టె సిగ్నల్ లేదు, ఏమైంది?"

"వాన సార్. వానొస్తే గంతే."

"అంతే కదా" అనేవాడు పాపం. తెల్లారి చిన్నరాములు పోయి చూస్తే పెట్టె నిక్షేపంగా పనిచేస్తుండేది. చూశావా, వాన పోయింది, సిగ్నల్ వచ్చింది అని తన సూత్రానికి తానే దండం పెట్టుకునేవాడు.

పోయిన వానకాలం, జోరువానలో మేతకు పోయిన పెద్దబర్రె వాగునీళ్లు తాగింది. ఇల్లు చేరకముందే నురుగులు కక్కి పడిపోయింది. తల్లి బీరమ్మ దాని మెడ మీద పడి ఏడ్చిన ఏడుపు ఊరంతా విన్నది. ఆఫీసోళ్లు వచ్చారు, చూశారు. ముందురోజు నీళ్లు బాగున్నాయట, తర్వాతి రోజూ బాగున్నాయట, ఆ రోజు లెక్కలే వాన వల్ల అందలేదట. "మిషిను అమ్ముడువోయింది" అంది బీరమ్మ. అని కొడుకు వైపు చూసింది. కొడుకుతో నెలరోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు చివరి ముచ్చట. పెట్టె పెట్టినప్పటి నుంచి వాగులో తప్పేమీ కనిపించలేదు కాబట్టి, ఈ నెలాఖరుకు దాన్ని ఊడబీకి ఇంకో ఊరికి తీసుకుపోతామని కబురొచ్చింది. అది పోతే ఇక ఊరి మాట వినేవాడు లేడు. కొట్టంలో చూడిబర్రె ఉంది. మళ్లలో నారు పోసి ఉంది. వాగు పొంగితే ఆ నీళ్లు నారుమడిలోకే వస్తాయి. చిన్నరాములుకు కూడు సహించడం లేదు, కంటి మీద కునుకు లేదు. ఒక్క వాననాడు, ఒక్కటంటే ఒక్కనాడు ఆ పెట్టె నోరు తెరిస్తే చాలు. కానీ వానొస్తే సిగ్నల్ పోతది కదా! ఈ ముడి ఎట్లా విప్పాలో తెలియక మనిషి నిలువునా ఉడికిపోతున్నాడు.

ఆ ఉడుకులోనే ఒకరోజు మధ్యాహ్నం బీరంగూడలో వెంకటేశ్వరరావు గారి డాబా ఎక్కాడు. ఆయన పెద్ద ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. ఎప్పుడో గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆయనకు రేడియో పిచ్చి. వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. లైసెన్సు పెట్టుకుని, ఇంట్లో కూర్చుని ఊరూరి మనుషులతో కబుర్లు చెప్తుంటారు. డాబా మీద ఈ మూల నుంచి ఆ మూలకు కట్టిన ఏంటెన్నా తీగ గాలికి తెగితే, దాన్ని బిగించడానికి చిన్నరాములును పిలిచారు.

తీగ ముడి వేస్తుండగానే పడమర నల్లగా కమ్ముకొచ్చింది. చిన్నరాములు ముడి గబగబా బిగించి కిందికి కేకేశాడు.

"సార్, జల్దీ మాట్లాడుకోండ్రి. వానొస్తే మీ రేడియో బంద్ అయితది."

కింద నుంచి రావు గారు ఫక్కున నవ్వారు. "ఎవరు చెప్పారయ్యా నీకు? దిగిరా, తడుస్తావు. వచ్చి విను."

దిగి లోపలికి వచ్చేసరికి చినుకులు పడ్డాయి, చూస్తుండగానే కుంభవృష్టి అయింది. రావు గారు మీట తిప్పారు. బరబరల నడుమ నుంచి ఒక గొంతు తేలింది. "...కాకినాడ నుంచి మాట్లాడుతున్నాను రావు గారూ, ఇక్కడ కూడా వానేనండీ, పొద్దుట్నుంచీ వదల్లేదు..." బయట డాబా మీద వాన దరువేస్తోంది. కాకినాడ గొంతు మాత్రం ఆగలేదు. చిన్నరాములు రేడియో వంక, కిటికీ వంక మార్చి మార్చి చూశాడు. ఒళ్లు మండింది కూడా. తన కళ్ల ముందే తన సూత్రాన్ని ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టయింది.

"గట్లెట్ల అయితది సార్? పన్నెండేండ్ల సంది సూస్తున్న. వాన పడితె నా డిష్‌లన్ని పోతయి. గిప్పుడు గూడ పోయే ఉంటయి."

అన్నట్టే ఫోను మోగింది. ముత్తంగి గోడౌను. లింకు పోయిందట. "సూసిండ్రా!" అన్నాడు గెలిచినవాడిలా.

"నీ డిష్‌కు పోతుందయ్యా, నేను కాదన్నానా? నీ డిష్ తరంగం రేగిపండంత. చినుకూ చిన్నదే, తరంగమూ చిన్నదే, రెండూ ఎదురుపడి కొట్టుకుంటాయి. నా రేడియో తరంగం పొడుగు మా ఇంటి నుంచి ఎదురు వరసలో మూడో ఇంటి దాకా ఉంటుంది. దానికి చినుకు అడ్డమొచ్చిన సంగతే తెలీదు. లారీకి చీమ అడ్డమొస్తే ఎంత? ఆ బరబరలంటావా, అవి మెరుపులవి. వానవి కాదు."

చిన్నరాములు దగ్గరికి జరిగాడు. "మా వాగు దగ్గర పెట్టె ఉంది సార్. గుండ్రం డిష్ కాదు. కర్రకు పుల్లలు పుల్లలుగ ఉంటది ఏంటెన్నా." పెట్టె మీద రాసి ఉన్న ఫ్రీక్వెన్సీ నెంబరు గుర్తు తెచ్చుకుని చెప్పాడు.

రావు గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అది మనిషెత్తు తరంగం. వానకు ఆగదు."

"వానొచ్చిన ప్రతిసారి ఆగుతది సార్!"

"అయితే ఆపేది వాన కాదు."

అంతలో ఆకాశం ఫెళఫెళమంది. వంటింట్లోంచి కనకమహాలక్ష్మి గారి కేక: "ఏవండీ! ఉరుముతుంటే ఇంకా ఆ రేడియో ఏంటండీ? ముందు తీగలు పీకేయండి!" రావు గారు నాలిక్కరుచుకుని, గబగబా ఏంటెన్నా తీగ ఊడదీశారు, ప్లగ్గు పీకారు. కాకినాడ గొంతు పుటుక్కున తెగింది. ఆయన చేతులు దులుపుకుని, "చూశావా, ఇప్పుడు ఆగింది. వాన ఆపిందా? మా ఆవిడ ఆపించింది" అని నవ్వారు.

చిన్నరాములు నవ్వలేదు. ఉరుము వినబడితే ఊళ్లో ఎవరేం చేస్తారో ఆయనకు ఒక్కొక్కటే కళ్ల ముందు తిరిగింది. టీవీ వైరు పీకుతారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకుతారు. మోటరున్న ప్రతివాడూ బావి దగ్గరికి పరిగెత్తి మెయిన్ బంద్ పెడతాడు, పిడుగుకు మోటరు కాలిపోతుందని. వాళ్ల మోటరు గుడిసెకు పరిగెత్తేది ఎవరు? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగతనం కూడా లేదు, ఉన్నదంతా మోటరు మీద ప్రేమే.

"పోయొస్త సార్" అని చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బండి తీశాడు. వాన మొహం మీద రాళ్లు రువ్వినట్టు కొడుతోంది. అమీన్‌పూర్ దాటేసరికి ముత్తంగి నుంచి మళ్లీ ఫోను, ఆ తర్వాత పటాన్‌చెరు నుంచి. ఎత్తలేదు. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది, ఆ మాట ఆయన మనసులోకి రావడం అదే మొదలు. సుల్తాన్‌పూర్ దగ్గర లారీలు నీళ్లు చిమ్ముతుంటే దారి కనబడలేదు. వాన ఆగకూడదు దేవుడా, నేను చేరేదాకా ఆగకూడదు అని మొక్కుకున్నాడు. జన్మలో ఆయన వాన కోసం మొక్కింది లేదు. మొక్కుతూనే అమ్మకు ఫోను చేశాడు. ఆమె ఫోను ఎప్పటిలాగే ఇంట్లో గూట్లో మోగుతుండి ఉంటుంది, ఎవరూ ఎత్తలేదు.

వాగు దగ్గర బండి పడేసి పరిగెత్తాడు. ముందు వాసన తగిలింది, కుళ్లిన గుడ్లు, కాలిన రబ్బరు కలిసిన వాసన. వాగు చాయ్ రంగులో నురగలు కట్టి పోతోంది. మోటరు గుడిసెలో బీరమ్మ నెత్తిన యూరియా సంచి కప్పుకుని, గోడకు ఒదిగి కూర్చుంది. పైన మెయిన్ స్విచ్ కిందికి దించి ఉంది.

"అమ్మా, బంద్ పెట్టినవా?"

"ఉరుముతుంది గదరా. పెట్టనా మరి? మొగులైతె ఎప్పుడు పెట్టేదే గద." ఆమెకు కొడుకు రాకే వింతగా ఉంది. "వానల నువ్వు ఇంటికొచ్చుడేంది? ఒంట్ల బాగలేదా?"

చిన్నరాములు స్విచ్ మీద చెయ్యి వేశాడు. బీరమ్మ లేచి ఆ చెయ్యి పట్టుకుంది. ముసలామె పట్టు ఇనుప పట్టు.

"పిస్స లేసిందా? పిడుగు వడితె మోటరు బుగ్గయితది! నారు ఎట్ల బతుకుతది?"

"అమ్మా, గీ కరెంటుతోనే గా పెట్టె నడిచేది. నువ్వు గిది దించితె గది సస్తది. సూడు, వాగు సూడు. నువ్వు దించినప్పుడే గీ నీళ్లు వస్తున్నయి. ఆఫీసోళ్లకు ఎట్ల తెలుస్తది?"

బీరమ్మకు వెంటనే అర్థం కాలేదు. తీగ వంక చూసింది. స్విచ్ నుంచి గోడ మీదుగా, చూరు కింది నుంచి, కర్ర మీది పెట్టె దాకా ఆ తీగతో పాటే ఆమె చూపు నడిచింది. ఆ తీగ కట్టిన రోజు ఆమె అక్కడే ఉంది, కొడుక్కి నిచ్చెన పట్టుకుంది. కానీ ఏ తీగ దేనికో ఆమెకెవరు చెప్పారు? ఆమె అడగనూ లేదు. చేతి పట్టు మెల్లగా సడలింది.

"పెట్టు" అంది.

స్విచ్ పైకెత్తాడు. కర్ర మీద పెట్టెకు చిన్న ఎర్రదీపం వెలిగింది. మళ్లీ ఉరిమింది, ఈసారి దగ్గర్లో. బీరమ్మ ఉలిక్కిపడి స్విచ్ వైపు చెయ్యి చాపింది, చాపిన చేతిని తానే వెనక్కి లాక్కుని చంకలో పెట్టుకుంది. చిన్నరాములు రాజశేఖర్‌కు ఫోను కలిపాడు.

"సార్, వాగు పెట్టె లెక్కలు సూడుండ్రి. ఇప్పుడే."

"వాన కదన్నా, రాదు కదా..." అంటూనే అతని గొంతు ఆగింది. "ఆగు. వస్తోంది. అన్నా, ఏందిది? పులుపు ఇంతెక్కువనా? తోక ఊడిపోయిందా నీళ్లలోంచి?"

"తోక నీళ్లల్నే ఉంది సార్. నేను కండ్లార సూస్తున్న. సూస్తనే ఉండుండ్రి, ఆపకుండ్రి."

"నేను పెద్దసారుకు కూడా చూపిస్తున్నా. నువ్వు అక్కడే ఉండు" అని రాజశేఖర్ ఫోను పెట్టేశాడు. తల్లీకొడుకులు గుడిసెలో నిలబడ్డారు. ఒక్కో మెరుపుకూ బీరమ్మ కళ్లు గట్టిగా మూసుకుంటోంది. చిన్నరాములు ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేస్తున్నాడు, ఆ గుడిసెలో అంతకంటే చోటు లేదు. వాగు నురగ నారుమడి గట్టు దాకా వచ్చింది. ఎంతసేపు గడిచిందో ఇద్దరికీ తెలియదు. వాన కొంచెం తెరిపిచ్చి, హమ్మయ్య అనుకునేంతలో కళ్లు బైర్లు కమ్మే వెలుగు, దాని వెంబడే చెవులు చిల్లులు పడే చప్పుడు. స్విచ్ డబ్బాలోంచి నిప్పులు రాలాయి. తాటాకు కాలినట్టు పొగ. కర్ర మీద ఎర్రదీపం ఆరిపోయింది.

చిన్నరాములు తల్లిని బయటికి లాగాడు. ఇద్దరికీ ఏమీ కాలేదు. మోటరు సంగతి చూడాల్సిన పనిలేదు, వాసనే చెప్తోంది.

ఫోను మోగింది. రాజశేఖర్. "అన్నా, సిగ్నల్ పోయింది. వానకేనా?"

"కాదు సార్. పిడుగు వడ్డది. వాన ఏం చేయలే. ఇన్నొద్దులు గూడ ఏం చేయలే. నేనే తప్పు సెప్పిన."

అవతల కీబోర్డు టకటకలాడింది. "వచ్చినంతవరకు వచ్చింది. అన్నీ ఉన్నాయి, చాలు. పొద్దున్నే సార్లతో కలిసి వస్తున్నాం, నీళ్లు పట్టుకుపోతాం. పెట్టెను తీసేది లేదంటున్నారు, కొత్తది పెడతారట."

ఆ మాట తల్లికి చెప్పాడు. బీరమ్మ విన్నదో లేదో. బురదలో గట్టు మీద కూలబడి, వాగు వంక చూస్తూ ఉంది. వాన ఆమె నెత్తి మీది సంచి మీద సన్నగా పడుతోంది.

"బర్రె సచ్చిననాడు గూడ ఉరిమింది" అంది చివరికి. "ఆనాడు గూడ నేనే బంద్ పెట్టిన."

చిన్నరాములు పక్కన కూర్చున్నాడు. "నువ్వేం జేస్తవమ్మా, నీకు తెల్వదు."

"నాకు తెల్వదు. నీకు తెల్వద్దా?"

"వాననుకున్ననమ్మా. వానొస్తె సిగ్నల్ పోతదని..."

బీరమ్మ కొడుకు వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు, అదే ఆయనకు ఎక్కువ నొప్పి పెట్టింది. తడిసిన కొంగుతో కొడుకు మొహం మీది బురద తుడిచింది.

"ఎవుసపోళ్ల ఇంట్ల పుట్టినవు బిడ్డా. అందరిని ఇడిసిపెట్టి వానను అనుమానిస్తివా?"